కోతలో పోయిన పేరు

వనజ వేలిముద్రలు ఏ మిషనుకూ దొరకవు. పదిహేడో ఏట కాశీబుగ్గలో ఒక జీడి పరిశ్రమలో కటింగు బల్ల ముందు కూర్చున్న మనిషి, ముప్ఫై ఎనిమిది నిండినా ఇంకా ఆ బల్ల ముందే ఉంది. ఉడికించిన జీడిపిక్కను బ్లేడు కింద పెట్టి, కాలితో మీట తొక్కి, రెండు చెక్కలుగా విప్పి, లోపలి పప్పును విరక్కుండా పైకి తీయడం ఆమె పని. తొక్కలోంచి కారే చమురు ఇరవై ఏళ్ళుగా ఆమె వేళ్ళ మీది గీతలన్నిటినీ తినేసింది. రేషను దుకాణంలో పదిసార్లు వేలు పెట్టించి, విసుగొచ్చి, చివరకు కన్ను చూసే మిషను తెప్పిస్తారు. "ఈ సేతుల్తో దొంగతనం సేసినా నన్నెవులూ పట్టుకోలేరు" అని ఆమె నవ్వేది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలా రోజులు కుమిలింది.

ఆమె భర్త ఎడ్వర్డ్ వీడియోలు తీసేవాడు. పలాస నుంచి టెక్కలి దాకా పెళ్ళిళ్ళు, ఓణీల పండగలు, బాప్తిస్మాలు, సమాధి కూడికలు, దేనికి పిలిచినా భుజాన కెమెరా వేసుకుని వెళ్ళేవాడు. వచ్చాక ఇంటి ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని వాటిని కోసి, అతికి, పాట పెట్టి ఇచ్చేవాడు. మనిషికి మాట తక్కువ, పని మీద పట్టు ఎక్కువ. తర్వాత కాళ్ళు వాచాయి. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఈ ఉద్దానంలో రక్తంలో క్రియాటినిన్ ఎంతుంది అని అడగడం బాగున్నారా అని అడగడంతో సమానం, కాబట్టి ఆ జబ్బు గురించి విడమర్చి చెప్పేదేమీ లేదు. ఏడాది తిరిగేసరికి వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. ముందు కెమెరా భుజం మీద నిలవలేదు. తర్వాత మెడే నిలవలేదు. పావుగంట కుర్చీలో కూర్చుంటే కళ్ళు తిరిగేవి.

చేతిలో పనులు ఆగిపోయాయి. బయట ఎవరికైనా ఇద్దామంటే ఎడ్వర్డ్ ఒప్పుకోడు. ఒకరోజు మంచం మీద నుంచే వనజను పిలిచి, నువ్వు నేర్చుకో అన్నాడు. ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, ఈ ఇంగ్లీషు బొత్తాలు నాకెక్కడ ఎక్కుతాయని ఆమె బెదిరింది.

"పిక్కలోంచి పప్పు తీత్తావు కదా. ఇదీ ఆ పనే" అన్నాడు ఎడ్వర్డ్. "పనికొచ్చింది ఇరక్కుండా పైకి తియ్యి. మిగిలింది ఒదిలెయ్యి."

ఆ ఒక్కమాట ఆమెకు ఎనిమిదేళ్ళ బడి ఇవ్వని ధైర్యం ఇచ్చింది. ఆ ఒక్కమాటే తర్వాత కొంప ముంచింది కూడా.

నేర్చుకోవడం సులువేం కాలేదు. మొదటి వారమంతా మౌసుతోనే సరిపోయింది. బాణం గుర్తు ఒకచోటికి వెళ్ళమంటే ఇంకోచోటికి పోయేది. ఇంగ్లీషు అక్షరాలను ఆమె పేర్లతో కాదు, చోట్లతో గుర్తు పెట్టుకుంది: కోయడానికి పై నుంచి మూడో వరసలో ఈ చివర, అతకడానికి ఆ పక్కది. పరిశ్రమ నుంచి మధ్యాహ్నం వచ్చి, స్నానం చేసి, వేళ్ళకు ఆముదం రాసుకుని తుడుచుకుని, అప్పుడు కంప్యూటరు ముందు కూర్చునేది. ఒక పెళ్ళిలో వరుడి చేత రెండుసార్లు తాళి కట్టించింది. ఇంకో పెళ్ళిలో వంటవాళ్ళ గొడవ వధువు అప్పగింతల మీద వినిపించింది. ఎడ్వర్డ్ వెనక మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని, గొంతు విని తప్పు చెప్పేవాడు. అక్కడ ఊపిరి తెగిపోయింది, రెండు ఫ్రేములు వెనక్కెళ్ళు, అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే తెగి ఉండేది. బొమ్మ చూడకుండా ఆ మనిషి ఎలా పట్టుకుంటున్నాడో ఆమెకు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా, అలా పట్టుకునేవాడు తన వెనక ఇంకెన్నాళ్ళుంటాడన్న దిగులు మాత్రం రోజూ ఉండేది.

ఆరు నెలలకు చేయి తిరిగింది. ఏ అతుకు ఎక్కడుందో తెలియకుండా కోయగలిగే స్థితికి వచ్చింది. అప్పుడొచ్చింది జెకర్యా గారి పని.

జెకర్యా బారువ దగ్గర ఒక పల్లెలో కొబ్బరి రైతు. డయాలసిస్ గదిలో ఎడ్వర్డ్ పక్క మంచం ఆయనదే. నాలుగేసి గంటలు పక్కపక్కన పడుకుని ఇద్దరూ తుపానుకు పడిపోయిన చెట్ల సంగతులు మాట్లాడుకునేవారు. ఆయనకు ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప వేరే ఫొటో లేదు. ఒక ఆదివారం తమ చర్చి సంఘంలో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, నలుగురి ముందు చెబుతానని, వచ్చి తియ్యమని అడిగాడు. ఆ రోజు ఎడ్వర్డ్‌కు ఒంట్లో కాస్త నెమ్మదిగా ఉంది. కెమెరా స్టాండు మీద పెట్టి, తను పక్కన కుర్చీలో కూర్చుని ఇరవై ఆరు నిమిషాలు తీశాడు. రెండు నెలలకు జెకర్యా పోయాడు. ఎడ్వర్డ్ మళ్ళీ కెమెరా ముట్టలేదు. అంటే ఒకరు చివరగా మాట్లాడింది, ఇంకొకరు చివరగా తీసింది, రెండూ ఆ ఇరవై ఆరు నిమిషాలే.

సంవత్సరీకపు జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడుతుంటే జెకర్యా భార్య నయోమి ఫోను చేసింది. కూడికలో తెర కట్టి ఆ సాక్ష్యం చూపించాలని, సంఘమంతా ఆయన గొంతు ఒక్కసారి వినాలని, మరేమీ వద్దని చెప్పింది. వనజ మాటిచ్చింది.

వారం రోజులు ఆ పని మీద కూర్చుంది. జెకర్యా మాట్లాడేది తక్కువ, దగ్గేది ఎక్కువ. దగ్గులన్నీ తీసేసింది. నీళ్ళు తాగడం తీసేసింది. మేకపిల్ల ఒకటి మందిరంలోకి వస్తే ఎవరో తోలిన చోటు తీసేసింది. పిల్లల గురించి చెప్పేచోట ఆయన ఆగిపోయాడు. దేవుడు తనకు ముగ్గుర్నిచ్చాడని, పెద్దది దీవెన అని, రెండోది కుసుమ అని చెప్పి, "మూడోవోడు" అని నోరు కదలక నిలబడిపోయాడు. పక్కన ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో ఏదో అందించారు, మైకు దూరంగా ఉండి అది గుసగుసలా వినిపించింది. "ఆ... ఆడే" అన్నాడాయన. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత "ఆరేళ్ళే ఉన్నాడు మా కాడ. అదే సాలనుకున్నాం" అని ముందుకు సాగాడు. మొత్తం ఇరవై రెండు సెకన్లు. అది చూసి వనజకు జాలేసింది. పెద్దాయన నలుగురి ముందు తడబడ్డం ఎందుకని "మూడోవోడు" దగ్గర కోసి "ఆరేళ్ళే ఉన్నాడు"కు అతికింది. అతుకు ఎంత బాగా కుదిరిందో అని తనలో తనే మురిసింది.

చివరకు పంతొమ్మిది నిమిషాలు తేలింది. చిన్న కాపీ తీసి ఎడ్వర్డ్ ఫోనుకు పంపింది. అతను డయాలసిస్ మంచం మీద మగతగా చూసి, ఎక్కడా అతుకు తెలియలేదని జవాబిచ్చాడు. అతని నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు. ఆ రోజు ఆమె పరిశ్రమలో తోటివాళ్ళందరికీ చెప్పుకుంది.

మర్నాడు టెక్కలి పెళ్ళి ఒకటి కంప్యూటరులోకి ఎక్కించాలి. చోటు లేదంది మిషను. వనజ వెతికి చూస్తే జెకర్యా గారి ఇరవై ఆరు నిమిషాల ముడి వీడియో పెద్ద చోటు ఆక్రమించుకుని కనిపించింది. దీంట్లోంచి పప్పు తీసేశాం కదా, కోసినదంతా ప్రాజెక్టులో భద్రంగా ఉంది కదా, ఇంకా ఈ తొక్కలెందుకు అనుకుంది. ఇరవై ఏళ్ళుగా సాయంత్రమయ్యేసరికి తొక్కల కుప్ప బయటికి తోసి బల్ల తుడిచిన చేయి అది. తీసేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. ఆ చోట్లో పెళ్ళి మొత్తం ఎక్కించింది.

తర్వాత చివర తెర మీద వేసిన పేర్ల అక్షరాలు సరిచూద్దామని జెకర్యా గారి ప్రాజెక్టు తెరిస్తే, తెర అంతా ఎర్రగా నిలిచింది. మీడియా ఆఫ్‌లైన్ అని అక్షరాలు. ఏ ముక్క మీద నొక్కినా అదే ఎరుపు. ప్రాజెక్టులో ఉన్నవి కోతల గుర్తులే తప్ప బొమ్మలు కావని, బొమ్మలెప్పుడూ ఆ ముడి వీడియోలోనే ఉంటాయని ఎడ్వర్డ్ ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని అతనికి తోచలేదు. అతనికి అది ఊపిరి పీల్చడమంత మామూలు.

ఎడ్వర్డ్ మంచం మీద లేచి కూర్చుని ఆ ఎర్ర తెరను చూశాడు. కెమెరాలోని కార్డును కంప్యూటరులోకి ఎక్కించిన రోజే ఖాళీ చేసేశాడు. ఆమె తిట్లకు సిద్ధపడి నిలబడింది. అతను తిట్టలేదు. పప్పని, పిక్కని చెప్పింది నేనే కదా అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టుకంటే లోతుగా దిగింది.

కంప్యూటరు పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో టెక్కలి తీసుకెళ్ళింది. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే కామేష్ రెండు గంటలు తంటాలు పడ్డాడు. ఫైలు పేరు దొరికింది, లోపల ఏమీ లేదు. పోయిన చోటి మీద పెళ్ళి ఎక్కించేశారమ్మా, దాన్ని ఇంక ఎవరూ తీయలేరని నెమ్మదిగా చెప్పాడు. తిరుగు బస్సులో ఆమెకు ఎడ్వర్డ్ ఫోనులో ఉన్న చిన్న కాపీ గుర్తొచ్చింది. పంతొమ్మిది నిమిషాలు ఉన్నాయి. కాస్త మసక, అంతే. తెర మీద ఎవరు పోలుస్తారు? ఎడ్వర్డ్ కూడా అదే అన్నాడు. ఎవరికీ చెప్పక్కర్లేదు, గండం గడిచింది అనుకున్నారిద్దరూ.

ఆ మరుసటి రోజే నయోమి మళ్ళీ ఫోను చేసింది.

"వనజా, ఒక్క మాట మరిసిపోనాను. మా చిన్నోడి కాడ మీ మావ ఆగిపోయినాడు సూడు, అప్పుడు నాను పేరందించినాను. అది మాత్రం ఇనపడాల. ఆడు పోయిన కాడినుంచి ఆ పేరు మా ఇంట్లో ఎవులం అన్లేదు. పద్దెనిమిదేళ్ళకి ఆ దినమే అన్నాం."

వనజ సరేనత్తా అంది. ఫోను పెట్టేసి, ఎడ్వర్డ్ ఫోను తీసి ఆ చోటు వెతికి విన్నది. మూడోవోడు ఆరేళ్ళే ఉన్నాడు మా కాడ. ఎంత నున్నగా ఉందో అతుకు. గుసగుస అనుకుని తీసేసింది ఒక బిడ్డ పేరని, ఆ పేరు కూడా తనకు తెలియదని అప్పుడు తెలిసొచ్చింది. నేల మీద కూలబడి ఏడ్చింది. పోయింది బొమ్మే అయితే ఇంత ఏడ్చేది కాదు.

మసక ఎందుకైందంటే కెమెరా కార్డు పాడైందని చెబుదాం, పేరు అందులోనే పోయిందని చెబుదాం అని ఎడ్వర్డ్ నసిగాడు. వీడియోల వాళ్ళందరూ అవసరానికి చెప్పేదే అది. స్టూడియో పేరు పోతే ఇంక మిగిలేదేమిటని అతని బాధ. వనజ అతని వంక చూసింది. నువ్వు చివరగా తీసిన దాని మీద ఈ అబద్ధం వేస్తావా అని అడిగింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె పరిశ్రమకు సెలవు చెప్పి బారువ ఆటో ఎక్కింది.

నయోమి ఇంటి ముందు కొబ్బరి మట్టతో తడక అల్లుతోంది. యాభై అయిదు దాటిన మనిషి, చేతులు మాత్రం చకచకా కదులుతున్నాయి. తుపాను తర్వాత నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. వందనాలత్తా అని చెప్పి వనజ కూర్చోకుండానే మొదలుపెట్టింది. తను ఏం కోసిందో, ఎందుకు కోసిందో, తర్వాత ఏం పారేసిందో, వరుసగా ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ తన వేళ్ళ వంకే చూసుకుంది. తడక అల్లే చేతులు ఆగిపోయాయి.

"మా ఆయన గొంతున్నాదా, లేదా?" అంది నయోమి.

"ఉన్నాదత్తా. దగ్గులు లేవు. ఆ పేరు లేదు."

నయోమి మట్టను పక్కన పెట్టింది. దగ్గులు కూడా తీసేసినావా అని మెల్లగా అడిగింది, తనను తానే అడిగినట్టు. ఆయన దగ్గు వినపడితేనే రాత్రి తనకు నిద్ర పట్టేదని చెప్పింది. వనజ తల దించుకుంది. ఈ మాటకు క్షమించమనడం కూడా చిన్నదైపోతుందని ఆమెకు తెలుసు. జీడి తొక్కల కుప్పను మిల్లువాళ్ళు వచ్చి నూనె తీయడానికి కొనుక్కుపోతారు. ఆ సంగతి రోజూ కళ్ళతో చూస్తూ కూడా తొక్క అంటే పారేసేదేనని ఎలా అనుకుందో ఆమెకే అంతుపట్టలేదు.

నయోమి మట్టను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"పోయింది మా ఆయన మాట కాదు. నా మాట. నానింకా ఉన్నాను గదా" అంది. "అక్కడ కాళీ ఒదిలీ. మళ్ళీ అంటాను."

ఇంటికొచ్చి వనజ ఫోను కాపీని కంప్యూటరులోకి ఎక్కించింది. ఆ అతుకు దగ్గర కోసి, రెండు వైపులా జరిపి, మధ్యలో ఖాళీ పెట్టింది. ఇరవై రెండు సెకన్లు ఆమెకు గుర్తున్నాయి. కానీ ఖాళీలో తెర నల్లగా అయిపోతోంది. అది ఆమెకు నచ్చలేదు. ఎడ్వర్డ్ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. ఆఖరి ఫ్రేమును పట్టి నిలబెట్టొచ్చని, ఎలాగో చెప్పాడు. ఒక్కొక్క ఫ్రేమే వెనక్కి వెళ్ళి చూస్తే, తను కోసిన చోటికి ముందు చిట్టచివరి ఫ్రేములో జెకర్యా తల ఒక్క రవ్వంత ఆడవాళ్ళ వైపు తిరిగి ఉంది. కళ్ళు అప్పుడే అటు వెళ్ళాయి. ఎవరినో అడుగుతున్న మొహం అది. ఆ ఫ్రేమును అలాగే ఇరవై రెండు సెకన్లు నిలబెట్టింది. ఎడ్వర్డ్ చాలాసేపు చూసి, ముట్టుకోకు, చాలు అన్నాడు.

కూడిక రోజు కంప్యూటరు పెట్టెను మళ్ళీ దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్ళారు. అది డయాలసిస్ లేని రోజు, ఎడ్వర్డ్ కూడా వచ్చాడు. మందిరంలో ఒక వైపు చాపల మీద మగవాళ్ళు, ఒక వైపు ఆడవాళ్ళు. ముందు వరసలో నయోమి, రెండు పక్కలా దీవెన, కుసుమ, ఇద్దరూ పెళ్ళిళ్ళై పిల్లలతో వచ్చారు. ప్రార్థన అయ్యాక తెల్లబట్ట మీద జెకర్యా వెలిగాడు. మసకగానే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. తుపాను గురించి చెప్పాడు, చెట్ల గురించి చెప్పాడు, పక్క మంచం మీది స్నేహితుడి గురించి చెప్పాడు. ఎడ్వర్డ్ తల వంచుకున్నాడు.

"పెద్దది దీవెన. రెండోది కుసుమ. మూడోవోడు..."

బొమ్మ ఆగింది. జెకర్యా తల కొంచెం పక్కకు తిరిగి, ఆడవాళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు.

నయోమి పలకలేదు. చెంగు తల మీదికి లాక్కుని తెర వంక చూస్తోంది. పెదాలు కదిలాయి గాని గొంతు రాలేదు. పది సెకన్లు. పదిహేను. వనజ వేలు బొత్తం మీదికి వెళ్ళింది. బొమ్మ ఆడుతుండగా బొత్తాల మీద చేయి వేయకూడదన్నది ఎడ్వర్డ్ ఆమెకు మొదటి రోజు నేర్పిన సంగతి. ఇరవై దాటింది. ఇంక రెండు సెకన్లలో ఆయన తనంతట తనే మాట్లాడేస్తాడు, ఆ పేరు రెండోసారి పోతుంది. వనజ స్పేస్‌బార్ నొక్కి ఆపేసింది.

మిషను చెడిందనుకుని మగవాళ్ళ వైపు నుంచి ఒకాయన వైర్లు చూడ్డానికి లేచాడు. ఎడ్వర్డ్ చేయెత్తి ఆయన్ను కూర్చోమన్నాడు. నిమిషమో, రెండు నిమిషాలో. వనజ వేలు బొత్తం మీద అలాగే ఉంది. అవసరమైతే సాయంత్రం దాకా ఉంచడానికి సిద్ధంగానే ఉంది.

"జెర్రీ" అంది నయోమి.

గట్టిగా అనలేదు. ఆయనకు వినపడేంత అంది, అంతే. పక్కనున్న దీవెన తల్లి భుజం మీద మొహం పెట్టేసింది. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ పేరును మెల్లగా తిరిగి అన్నారు, ఆ పిల్లవాడిని ఎత్తుకున్నవాళ్ళే అయ్యుంటారు. ఆ పేరు తర్వాత జెకర్యా అన్న రెండు మాటలు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేవు, వారం రోజులు వాటిని పదే పదే విన్న వనజ చెవుల్లో తప్ప. ఆ, ఆడే, అని ఆమె లోపలే అనుకుంది. బొత్తం నొక్కింది.

"ఆరేళ్ళే ఉన్నాడు మా కాడ" అన్నాడు జెకర్యా. "అదే సాలనుకున్నాం."

కూడిక అయ్యాక నయోమి వనజ చేతులు రెండూ పట్టుకుంది. భోజనం పెట్టి పంపించింది.

తిరుగు ఆటో బారువ దాటింది. పెట్టె ఇద్దరి మధ్యా ఉంది. రోడ్డు గతుకులకు అది కదలకుండా ఇద్దరూ చెరో చేయీ వేశారు. అప్పుడు ఎడ్వర్డ్ అన్నాడు, "ఇంటికెల్లి కెమెరా బేటరీ సార్జింగెట్టు."

"దేనికి బావా?"

"రేపు నన్ను తియ్యి."

వనజ పెట్టెను గట్టిగా పట్టుకుని, తీస్తే ఏం చెబుతావని అడిగింది.

"ఏటీ సెప్పను. ఊరికే కూకుంటాను. దగ్గొత్తే దగ్గుతాను" అన్నాడు ఎడ్వర్డ్. "నువ్వు మాత్రం ఏటీ కొయ్యకు."

ఇంటికి చేరి, చెప్పులు విప్పకుండానే, ఆమె బ్యాటరీని చార్జింగులో పెట్టింది.